మగ్గం గుంటలో నీళ్లు

ఆ ఉదయం కూడా రశ్మితకు చూరు నీళ్ల చప్పుడుకే మెలకువ వచ్చింది. పది పన్నెండు రోజులుగా ఇదే వరస. ఇంకా వెలుగు రాకముందే ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు, కాసేపటికి అది ఆగిపోవడం. వాన ఇంకా వదల్లేదనుకుని దుప్పటి మీదికి లాక్కుంది. మరుక్షణమే తీసేసింది. సాయంత్రం నాలుగింటి గడువు గుర్తొచ్చింది.

ఫోన్ తెరిస్తే మొన్న వచ్చిన సందేశం అలాగే ఉంది. ఇది మీ మూడో ఆలస్యం, కారణం ఎంచుకోండి, రుజువుగా ఫోటో జతచేయండి. కింద మూడు గడులు. వాతావరణం, రవాణా, అమ్మకందారు. మొదటి గడిలో టిక్కు పెడితే తప్పు ఎవరిదీ కాదు, కొట్టు ఎప్పటిలాగే నడుస్తుంది. మూడోది పెడితే నెల రోజులు కొట్టు మూత. ఏదీ పెట్టకపోయినా మూతే.

కొట్టు అంటే వీధిలో ఉండే కొట్టు కాదు. ఫోన్‌లో ఉండేది. రశ్మిత పెళ్లై కటక్ దగ్గరి ఈ నూవాపట్న ఇంటికి వచ్చి మూడేళ్లు. పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ డిగ్రీ చదివినది ఆమె ఒక్కతే. మామగారు బంశీధర్ పాత్ర ముప్పై ఏళ్లకు పైగా షావుకారు ఇచ్చిన పడుగుతో, షావుకారు చెప్పిన రంగులో, కూలికి నేశాడు. తన చేతి చీర ఏ ఊళ్లో ఎవరు కట్టుకున్నారో ఆయనకు ఎన్నడూ తెలియదు. ఏడాదిన్నర కిందట రశ్మిత ఒక అమ్మకాల సైటులో ఆయన పేరు మీద పేజీ తెరిచింది. అప్పటినుంచి చీర అంచున ఏనుగులు నడవాలో హంసలు నడవాలో ఆయనే నిర్ణయించుకుంటున్నాడు. షావుకారు గుమాస్తాని చూసి పక్కకి తప్పుకోవడం మానేశాడు. ఆ పేజీ నెల మూతపడితే మళ్లీ ఆ గుమాస్తా ముందుకే వెళ్లి నిలబడాలి. రెండు రోజులుగా ఆ మాట ఇంట్లో ఎవరూ అనడం లేదు, అందరూ దానిచుట్టే తిరుగుతున్నారు.

రశ్మిత ముఖం కూడా కడుక్కోకుండా ఫోన్ పట్టుకుని మగ్గం గదికి వెళ్లింది. రుజువు అక్కడే ఉంది. మగ్గం గుంటలో నీళ్లు. నేతగాడు కాళ్లు పెట్టుకునే ఆ గుంటలోకి వానాకాలం నేల ఊట వచ్చేస్తుంది. జూన్ పద్దెనిమిదిన వాన మొదలైనప్పుడు మోకాలి లోతు వచ్చింది. అప్పుడు మగ్గం మీదున్న, ఇప్పుడు ఆలస్యమైందంటున్న చీర తడవకుండా పైకి చుట్టి కట్టే హడావిడిలో ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. ఇప్పటికీ వాన పడుతూనే ఉంది కాబట్టి గుంట నిండే ఉంటుందని ఆమె లెక్క.

గుంట ఖాళీగా ఉంది. అడుగున తడి మన్ను, మూల ఒక బోర్లించిన ముంత. అంతే.

వేరే ఎప్పుడైనా సంతోషించాల్సిన సంగతి. ఇప్పుడు కోపం వచ్చింది. చూరు వంక చూసింది, పెరట్లోకి వెళ్లి చూసింది. దారి నిండా చెప్పుల్లోతు బురద, అరటి దొప్పల్లో నీళ్లు. ఊరంతా తడిసి ఉంటే తమ గుంట ఒక్కటే ఎండి ఊరుకుంది.

అరుగు మీద అత్తగారు కనకలత కాళ్లు చాపుకుని పాదాలకు పసుపు నూనె రాసుకుంటోంది. రశ్మిత ఆమెను బౌ అనే పిలుస్తుంది, కన్నతల్లిని పిలిచినట్టే; మామగారిని బాపా అంటుంది. పది రోజులుగా బౌ పాదాలకు పసుపు చూస్తూనే ఉంది. కీళ్ల నొప్పులు కాబోలనుకుంది. ఈ ఉదయం అదీ అనుకోలేదు. గుంటలో నీళ్లు లేవు బౌ, అని మాత్రం అంది. లేకపోతే మంచిదేగా, అంది కనకలత తల ఎత్తకుండా.

సర్బేశ్వర్ పఖాళ గిన్నె ముందు కూర్చున్నాడు. నీళ్లన్నంలో వడియాల పొడి నలుపుకుంటూ భార్య చెప్పింది విన్నాడు. కటక్‌లో కరెంటు సామాన్ల దుకాణంలో పని అతనికి. పార్సిళ్లు తీసుకెళ్లి కొరియర్ ఆఫీసులో ఇచ్చేది కూడా అతనే. ఏ చిక్కునైనా మధ్యాహ్నంలోగా విప్పేయొచ్చని నమ్మే మనిషి.

"దీనికింత ఆలోచనెందుకు? రెండు బిందెలు పోస్తే సరి. అవి వాన నీళ్లో బావి నీళ్లో గుంటకేమన్నా తెలుస్తుందా? ఫోటోకి అసలే తెలీదు."

"అలా ఎలా పోస్తాం?"

"పోసి చూపిస్తా పద. వాన పడ్డమాట నిజం. గుంట నిండినమాట నిజం. ఆ రోజు ఫోటో తీయలేదు, ఇవాళ తీస్తున్నాం. అబద్ధం ఎక్కడుంది ఇందులో?"

రశ్మిత వద్దని గట్టిగా అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమెను బాధపెట్టింది అదే. వద్దనకపోగా, మగ్గం మీదున్న కొత్త పడుగు తడుస్తుందేమోనని దాన్ని ఒక పాత చీరతో కప్పింది. కండెల బుట్ట పక్కకి జరిపింది. ఏ మూలనుంచి తీస్తే నీళ్లు బాగా కనపడతాయో చూసుకుని ఫోన్ సిద్ధంగా పట్టుకుంది.

సర్బేశ్వర్ మొదటి బిందె ఎత్తుకొచ్చాడు. అతని వెనకే కనకలత వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏం చేస్తున్నారని అడగలేదు. చూస్తే అర్థమైపోయే పనే అది. చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని కొడుకు పక్కనుంచి వెళ్లి, నేతగాడు కూర్చునే చోట కూర్చుని, రెండు కాళ్లూ గుంటలోకి వేలాడేసింది.

"పొయ్యి," అంది.

"లే బౌ, ఏంటిది?"

"పొయ్యమంటున్నాగా. నా కాళ్ల మీదే పొయ్యి. పన్నెండు రోజులనుంచి తెల్లారకముందు లేచి ముంతతో ఎత్తి పారబోస్తున్నా. అవే నీళ్లు నువ్వు బిందెతో తెచ్చి పోస్తానంటే నేను వద్దనేదాన్నా?"

బిందె సర్బేశ్వర్ చంకలోనే ఉండిపోయింది. రశ్మిత అప్పుడు చూసింది ఆ పాదాలను. వేళ్ల సందులు నీళ్లకు నాని తెల్లబడి, చర్మం ఊడి, ఎర్రటి పుళ్లు పడ్డాయి. పసుపు వాటికోసం. రోజూ తెల్లవారుజామున తాను విన్నది చూరు నీళ్లు కాదు. ముంతతో నీళ్లు తోడుతున్న చప్పుడు.

అది తెలిసిన క్షణంలోనే జాలి కలగాలి. కానీ రెండు రోజులుగా తొక్కిపెట్టిన ఆదుర్దా ముందుగా బయటికొచ్చింది. మనిషి తప్పు చేస్తూ దొరికినప్పుడు నోరు మెత్తగా ఉండదు.

"నీళ్లు తోడి ఏం లాభం బౌ? ఎండ ఉన్న రోజుల్లో మగ్గం ఆపించింది మీరు కాదా? రజో పండుగ అన్నారు. భూదేవికి ముట్టు, నాగలి కదలకూడదు, రోలు కదలకూడదు, మగ్గం కదలకూడదన్నారు. నాలుగు రోజులు చీర అలాగే పడుంది. ఆ నాలుగు రోజులూ ఎండ కాసింది. ఒక్కరోజు బాపాని నెయ్యనిచ్చి ఉంటే పద్దెనిమిదిలోగా చీర ఇల్లు దాటేది. ఇప్పుడు కొట్టు మూతపడితే షావుకారు దగ్గరికి ఎవరెళ్తారు? మీరెళ్తారా?"

మాట అయిపోయాక గది చాలా చిన్నదైనట్టనిపించింది. బంశీధర్ అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. భుజం మీది గముచ్చాతో తల తుడుచుకుంటున్నాడు. వానలో ఎటో వెళ్లొచ్చాడు. కనకలత ఆయన వంక చూసింది. ఆయన వద్దన్నట్టు తల కదిపాడు. ఇద్దరి మధ్య ఏదో మాట అనకుండానే నడిచింది.

ఆమె చివరికి కోడలితో ఒక్కటే అంది. "రజో ఏ తారీఖున వస్తుందో పంజికలో ఉంటుంది, బోహూ. ఇరవై నాలుగులోగా ఇస్తానని ఫోన్‌లో నువ్వు రాసిన రోజున కూడా ఆ పంచాంగం గోడకే వేలాడుతోంది. ఒక్క మాట నన్నడిగి రాయాల్సింది."

ఆ తారీఖు రాసింది రశ్మితే. సైటువాళ్లు ఎన్ని రోజులని అడిగితే, ఎప్పుడూ రాసే అంకె రాసేసింది.

సర్బేశ్వర్ బిందె దించి, వీళ్లిద్దరి మధ్య ఉండలేక, ఇంకో ఉపాయం చెప్పాడు. అంత గొడవెందుకు, చీర కొన్న రూర్కెలా ఆవిడకే ఫోన్ చెయ్యమన్నాడు. వాన వల్లే ఆలస్యమైంది, నాకు ఫిర్యాదు లేదని ఆవిడ ఒక్క ముక్క రాస్తే ఫోటో కూడా అక్కర్లేదన్నాడు. అది నిజమే. కొన్నవాళ్లు ఒప్పుకుంటే సైటువాళ్లు ఇంకేమీ అడగరు.

రూర్కెలా ఆవిడ పేరు లోపాముద్ర. బ్యాంకులో ఉద్యోగం. జూన్ మొదట్లో ఎర్ర ఖండువా పట్టుచీర ఒకటి నేయించుకుంది. ఆర్డరుతోపాటు రెండు వాక్యాలు రాసింది. అమ్మ ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పింది, ఈ నెల ముప్పయ్యో తారీఖు ఆమె ఉద్యోగానికి చివరి రోజు. ఆ రోజు కట్టుకోవడానికి. చీర జూలై ఒకటిన చేరింది.

పది దాటాక రశ్మిత వెనక వసారాలోకి వెళ్లి ఫోన్ చేసింది. మాట ఎలా మొదలుపెట్టాలో రెండుసార్లు లోపల అనుకుంది. మహానది నీళ్లు రోడ్డెక్కిన సంగతి, కొరియర్ బండి రెండు రోజులు దారిలో ఆగిన సంగతి చెప్పింది. అవన్నీ నిజాలే. లోపాముద్ర మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

"ఆ వాన మాకూ పడిందమ్మా," అంది. "బండి ఆగిందంటే నమ్ముతాను. చీర కూడా బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. కానీ మీరు వాన అని రాయమంటున్నారు. అది రాయలేను."

"ఎందుకు దీదీ?"

"రోజూ మీ పేజీ చూసేదాన్ని. ఎంతవరకు వచ్చిందోనని. మీరు మగ్గానికి బంతిపూలు కట్టి, బొట్టుపెట్టి ఫోటో పెట్టారు చూడండి, మా ఇంట్లో మగ్గం కూడా భూమితో పాటు విశ్రాంతి తీసుకుంటుందని. ఆ మగ్గం మీదున్నది నా చీరే. అంచున ఏనుగుల వరస చూసి గుర్తుపట్టాను. ఉండబట్టలేక అమ్మకి చూపించేశాను. ఆ రోజుదాకా చెప్పకూడదనుకున్నది కాస్తా చెప్పేశాను."

"మీ అమ్మగారు ఏమన్నారు?"

"మంచి ఇల్లు, పండక్కి మగ్గాన్ని కూడా కూర్చోబెట్టారు, ఆగనీ అంది. మేం ఆ నాలుగు రోజులకు ఏమీ అనుకోలేదు. నేనూ బంకీ దగ్గర పల్లెటూళ్లో పెరిగినదాన్నే, రజో అంటే నాకు తెలుసు. అయితే ఆ ఫోటో కింద పదమూడో తారీఖు మధ్యాహ్నం మూడూ నలభై అని ఉంది. పండగ పద్నాలుగు పొద్దున కదా మొదలు. అప్పటికి చీర మూరెడు మాత్రమే మిగిలింది, ఫోటోలో కనపడుతూనే ఉంది. ఆ పూట ఆయన్ని మగ్గం మీదనుంచి ఎవరు లేపారు?"

రశ్మిత ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

లోపాముద్ర గొంతు పెంచలేదు. ముప్పయ్యో తారీఖున అమ్మ పాత చీరే కట్టుకుందని, కొంగు దగ్గర చిరుగు ఉందని చెప్పింది. సన్మానంలో కప్పిన శాలువా ఆ ఉక్కలో కూడా తీయకుండా ఫోటోలు అయ్యేదాకా అలాగే కూర్చుందట. అందరూ శాలువా తీసేయండి టీచరమ్మా అంటుంటే, పరవాలేదు నాకు చలిగా ఉందని అందట.

ఫోన్ పెట్టేశాక రశ్మిత తన పేజీలో ఆ ఫోటో వెతికింది. తన ఫోటోలన్నిటిలో ఎక్కువమంది మెచ్చుకున్నది అదే. కింద తారీఖు, సమయం. మూడూ నలభై. అన్నీ గుర్తొచ్చాయి. పండుగ ముందు రోజు. ఇంట్లో పండగ పిండివంట పొడపిఠా కోసం బియ్యం నానుతున్నాయి. పశ్చిమ కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మగ్గం మీద పడుతోంది. ఇంకో మూరెడేనమ్మా, దీపం పెట్టే వేళకి దింపేస్తాను అన్నాడు మామగారు. వెలుగు పోతుంది బాపా, కాసేపు లేవండి, ఫోటో తీసుకున్నాక మళ్లీ కూర్చుందురు, అంది తను. పూలు కట్టింది, బొట్టు పెట్టింది. బొట్టు పెట్టాక ఇక పండగ అయ్యేదాకా మగ్గం ముట్టుకోరని ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఫోటో చాలా బాగా వచ్చిన సంతోషంలో పెరట్లో ఊయల దగ్గరికి పరిగెత్తింది.

మూరెడు నేత. ఆ సాయంత్రం అది పూర్తయి ఉంటే పద్దెనిమిది ఉదయం పార్సిల్ వెళ్లిపోయేది. వానే తగిలేది కాదు.

అదీ కాక ఇంకొకటి గుర్తొచ్చింది. పోయిన ఏడాది రెండోసారి ఆలస్యమైనప్పుడు రంగు సరిగా దిగక దారం మళ్లీ రంగువెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు కాస్త చినుకు పడుతోంది. వాతావరణం అని టిక్కు పెట్టేసింది. అప్పుడూ ఈ ఇంటి పాపం వానే మోసింది.

ఆమె లోపలికి వచ్చేసరికి కనకలత వంటింట్లో పీట మీద కూర్చుని తోటకూర కోస్తోంది. కాళ్లు ఒక పక్కకి చాపుకుంది. రశ్మిత వెళ్లి ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చుంది. ముందు ఏడుపు వచ్చింది. మాటలు తర్వాత వచ్చాయి.

"పదమూడో తారీఖున బాపాని లేపింది నేను. మీకు తెలుసు. ఇందాక అందరి ముందూ నేను అన్ని మాటలన్నాను. మీరు ఎందుకు చెప్పలేదు?"

కనకలత కత్తిపీట పక్కకి జరిపింది. "చెప్పి ఏం చెయ్యను? ఆ ఫోటోకి నువ్వంత ముచ్చటపడ్డావు. నేనూ చూశాను, మగ్గం పెళ్లికూతురిలా ఉంది. లేవద్దని నేను ఒక్క మాట అంటే ఆయన లేచేవాడు కాదు. నేనూ అనలేదు. నన్ను కూడా పక్కనుంచోబెట్టి తీశావుగా." "అందులో నేను బాగానే ఉన్నానంట. పక్కింటి సుకాంతి అంది," అని చేర్చింది.

రశ్మిత ఏడుస్తూనే నవ్వింది. అత్తగారి పాదాలు ఒడిలోకి తీసుకోబోతే ఆమె లాగేసుకుంది. పసుపు నీ చీరకంటుతుంది, అంది. రశ్మిత వదల్లేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురూ మగ్గం గదిలోనే కూర్చున్నారు. బయట మళ్లీ వాన అందుకుంది. రశ్మిత ఫోన్ మధ్యలో పెట్టి మూడు గడులూ అందరికీ చదివి వినిపించింది. మూడో గడిలో టిక్కు పెడతానని చెప్పింది. పెడితే ఏమవుతుందో కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు మామగారి ముఖం వంక చూడలేకపోయింది. కింద ఖాళీలో కారణం రాయాలి. తాను ఫోటో కోసం నేత ఆపించానని రాస్తానంది.

బంశీధర్ వెంటనే ఒప్పుకోలేదు. ఆమె చెప్పగానే తాను లేవడమేంటి, తనకు బుద్ధి లేదా అన్నాడు. పూలు కడితే మగ్గం ముందు కూర్చుని ఫోటో దిగాలన్న ఆశ తనకు మాత్రం లేదా అన్నాడు. పొద్దున్నే వానలో ఎటు వెళ్లాడో అప్పుడు చెప్పాడు. షావుకారు గుమాస్తా ఇంటికి వెళ్లి, ఈ నెలకి ఒక పడుగు ఉంటుందా అని అడిగొచ్చాడు. కొట్టు తెరిచున్నా మూసున్నా చేతులు ఖాళీగా ఉండకూడదని.

"ఏమన్నాడు?" అని అడిగింది కనకలత.

"ఉందన్నాడు. చెప్పులు బయట విప్పమన్నాడు. విప్పాను. ఇదివరకూ విప్పేవాణ్ణిగా."

రశ్మితకు ఆ మూడో గడి బరువేమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇప్పటికీ మొదటి గడి అక్కడే ఉంది. ఒక్క వేలు కదిపితే మామగారు ఎవరి గుమ్మంలోనూ చెప్పులు విప్పక్కర్లేదు. ఆమె వేలు కదల్లేదు. ఆయనే మళ్లీ అన్నాడు. "అట్లా చూడకు తల్లీ. ముప్పై ఏళ్లు అబద్ధం లేకుండా నేశాను. ఒక దారం తెగితే ముడి కనపడేట్టే వేస్తాను, దాచి నేస్తే అక్కడే చిరుగుతుంది. టిక్కు పెట్టు. నెలేగా. భూమి నాలుగు రోజులు కూర్చుంటుంది. మనం నెల కూర్చుంటాం."

సర్బేశ్వర్ చాలాసేపటినుంచి కండె ఒకటి చేతిలో తిప్పుతున్నాడు. ఇక ఉండలేనట్టు, "నాదీ ఒకరోజుంది," అన్నాడు. చీర ఇరవై ఐదు మధ్యాహ్నానికే దిగింది. కొరియర్ ఆఫీసు మూసేశారని ఇంట్లో చెప్పాడు. అతను అసలు వెళ్లలేదు. వానలో బండి తియ్యడానికి బద్ధకించి, కూడలిలో టీ కొట్టులో కూర్చుని తిరిగొచ్చాడు. మర్నాడు ఇచ్చాడు. ఆ ఒక్కరోజు ముందు ఇచ్చి ఉంటే ముప్పయ్యో తారీఖు పొద్దుటికి రూర్కెలా చేరేది.

కనకలత కొడుకు వైపు తిరిగింది. "అందుకా పొద్దున అంత చురుగ్గా బిందె ఎత్తావు?" అంది. అతను తలొంచుకున్నాడు. ఆ తర్వాత ఆమె తన వంతు కూడా చెప్పింది. ఏటా ఎండాకాలంలో గుంట గట్టు మన్నుతో ఎత్తు చెయ్యడం తన పని. ఈ ఏడు మనవరాలి పుట్టువెంట్రుకలకని కూతురింటికి వెళ్లి ఆ పని మరిచిపోయింది. తోడిన నీళ్లన్నీ ఆ మరుపుకి శిక్షేనంది.

పొద్దున ఎవరికి వారు తప్పు వాన మీదికి తోసినవాళ్లు, ఇప్పుడు నాదంటే నాదని వాదులాడుకుంటున్నారు. రశ్మిత ఎవరి వంతు ఎంతో వరసగా రాయాలా అని అడిగింది. వద్దంది కనకలత. ఇంట్లో లెక్క ఇంట్లోనే ఉంటుందంది. బయటివాళ్లకి గడప ఒకటే కనపడుతుంది, గడప పేరే రాయమంది.

మూడున్నరకి రశ్మిత మూడో గడిలో టిక్కు పెట్టింది. అక్కడ రాసింది చీర కొన్నవాళ్లకీ వెళ్తుంది. ఖాళీలో ఇలా రాసింది.

"వాన పడటం నిజం. దారి మూసుకుపోవడం నిజం. కానీ వాన రాకముందే ఈ చీర మా ఇల్లు దాటాల్సింది. దాటకపోవడానికి కారణం మా ఇల్లే. పండుగ రోజులు చూసుకోకుండా తారీఖు ఇచ్చాం. మూరెడు నేత మిగిలి ఉండగా మగ్గం ఆపాం. ఒక టీచరమ్మ తన చివరి రోజున పాత చీర కట్టుకుంది. అది మా బాధ్యత."

రుజువు అడిగిన చోట పూలు కట్టిన మగ్గం ఫోటోయే పెట్టింది. మూరెడు ఖాళీ పడుగు, కింద సమయం, అన్నీ అందులోనే ఉన్నాయి.

నాలుగింటికి పేజీ బూడిద రంగులోకి మారిపోయింది. ముప్పై రోజులు అని ఒక అంకె పడింది. సాయంత్రం దీపం పెట్టే వేళకి లోపాముద్ర దగ్గరినుంచి రెండు ముక్కలు వచ్చాయి. మీరు రాసింది అమ్మ చదివింది. రథయాత్ర నాడు కట్టుకుంటానంటోంది, ఆ రోజు శాలువా కప్పుకోనంటోంది. రశ్మిత అది మామగారికి చదివి వినిపించింది. తన చేతి చీర ఎవరు, ఏ రోజు కట్టుకోబోతున్నారో ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున మళ్లీ ఆ చప్పుడు. రశ్మితకు ఈసారి అది చూరు నీళ్లలా వినిపించలేదు. మన్నును గీరి, నీళ్లు నింపుకుని, గట్టు మీద బకెట్లో ఒలుకుతున్న ముంత చప్పుడు అది. లేచి చీర బిగించి దోపుకుంది. వంటింట్లోంచి ఇత్తడి చెంబు ఒకటి తీసుకుని మగ్గం గదికి వెళ్లింది. కనకలత గుంటలో పిక్కల లోతు నీళ్లలో ఒంగి ఉంది. కోడల్ని చూసింది, చెంబుని చూసింది. పక్కకి కొంచెం జరిగింది.

రశ్మిత గుంటలోకి దిగింది. నీళ్లు చల్లగా కాళ్లకి తగిలాయి.

"మీరు పైకెక్కండి బౌ. ఈ నెలంతా ఇది నా పని."

"నెల తర్వాత?"

"అప్పటికి వాన తగ్గుతుందో లేదో పంజిక చూసి చెప్పండి. మీరు చెప్పిన తారీఖే రాస్తాను."

కనకలత ఆమె భుజం పట్టుకుని పైకెక్కి, గట్టు మీద కూర్చుని, పుళ్లు పడిన పాదాలు పొడి నేల మీద చాపుకుంది. కిందనుంచి కోడలు ఎత్తి ఇస్తున్న చెంబు అందుకుని బకెట్లో పోసింది. మళ్లీ చెయ్యి చాపింది.